వెదురు గడ మీద పసుపు మేజోళ్ళు

సింగపూర్‌లో బ్లాగులు కొత్తగా వచ్చిన రోజులవి. హస్లిందా నీళ్ళు పరీక్షించే లాబ్‌లో పనిచేసేది. అక్కడ ఏ సీసాలో ఏముందో చీటీ అంటించందే ఎవరూ బల్ల మీద పెట్టరు. ఇంట్లో మాత్రం ఐమాన్ పుట్టిన దగ్గర్నుంచి ఆమెకు పేరు పెట్టలేని భయాలు పట్టుకున్నాయి. నిద్రపోతున్న బిడ్డ గుండె మీద చెవి ఆనించి పిల్లికూతలు వినిపిస్తున్నాయేమోనని వినేది. ఆ భయాలే బ్లాగులో రాసేది. తనలాంటి కొత్త తల్లులు కొందరు చదివేవారు.

పగలంతా ఐమాన్ పక్క ఫ్లాట్‌లో క్వెక్ ఆంటీ దగ్గర ఉండేవాడు. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న చైనా ముసలమ్మ ఆమె. బిడ్డకు నెల నిండినప్పుడు, "మీ మలయ్‌వాళ్ళు చెయ్యరుగా, ఆ ముచ్చటేదో నేనే తీర్చుకుంటాను" అని గుడ్లకు ఎర్రరంగు వేసి తెచ్చింది. తన చేత్తో అల్లిన పసుపు మేజోళ్ళు కూడా ఇచ్చింది. వాటి మీద చెరో బాతు. ఐమాన్ జావ కోసం విడిగా ఓ ఆకుపచ్చ గిన్నె కొని, తన ఇంట్లో వండే పంది మాంసం గాలి కూడా సోకకుండా పై అరలో పెట్టుకుంది.

చైనా పంచాంగంలో ఏడో నెల వచ్చింది. చనిపోయినవాళ్ళకు చైనావాళ్ళు కాగితపు నోట్లు, కాగితపు బట్టలు కాల్చి పంపే నెల. కింద స్తంభం పక్కన ఇనప డ్రమ్ములో మంటలు లేచేవి. హస్లిందా వంటింటి కిటికీలోంచి వెదురు గడలు బయటికి చాచి బట్టలు ఆరేసుకునేది. ఓ సాయంత్రం లాబ్ నుంచి వచ్చి, ఆంటీ దగ్గర్నుంచి ఐమాన్‌ను ఇంటికి తెచ్చుకునేసరికి గడ మీద బిడ్డ బట్టల నిండా నల్లటి బూడిద. లోపల ఐమాన్ దగ్గు.

అదే ఊపులో కిటికీలోంచి ఫోటో తీసి బ్లాగులో పెట్టింది. "వీళ్ళ చచ్చినవాళ్ళ ఆకలి తీరడానికి నా బిడ్డ బూడిద పీల్చాలా?" అని రాసింది. ఫోటోలో డ్రమ్ము ముందు ఓ వంగిన వీపు ఉంది. ముఖం లేదు, పేరు లేదు. చూసిందే రాశాను కదా అనుకుంది.

మొదట తల్లులు జాలిపడ్డారు. తర్వాత ఎవరెవరో వచ్చి కింద వ్యాఖ్యలు రాశారు. పంది తినేవాళ్ళు అని ఒకడు, మీ మసీదు మైకు మాటేమిటని ఇంకొకడు. ఆమె అబాంగ్ అని పిలిచే భర్త జుల్కిఫ్లి అవి చదివి, కుర్చీ వెనక్కి నెట్టాడు.

"తీసెయ్ లిందా."

"నేను అబద్ధం రాశానా అబాంగ్? వాడి దగ్గు నిజం కాదా?"

"దగ్గు నిజమే. దాని కింద వాళ్ళు రాసిన ఆ కంపు?"

"అవి వాళ్ళ మాటలు. తుడిచేస్తే నోరు నొక్కినట్టే."

"ఇల్లు నీది. గుమ్మంలో ఉమ్మేసి పోతుంటే, ఉమ్ము వాళ్ళదంటావా?"

ఆమె పట్టుదలగా దేన్నీ తీసెయ్యలేదు. రెండు రోజులకు కొత్త మాట ఒకటి కనిపించింది: "ఫోటోలో స్తంభం మీద బ్లాకు నంబరు ఉంది. ఏడో నెల ఆఖరి రోజు వెళ్దాం. మంట ఆర్పడానికి బకెట్లు తెండి." దాని కింద అవతలి పక్షంవాడొకడు: "రండి. మేమూ ఉంటాం." హస్లిందా రాసిందంతా తుడిచేసింది. అప్పటికే ఆ ఫోటో ఆమెకు తెలియని చోట్లకు వెళ్ళిపోయింది.

క్వెక్ ఆంటీకి చెప్పాలని రోజూ అనుకునేది. బిడ్డను అందుకుని, థాంక్స్ చెప్పి, తలుపు వేసుకునేది.

ఆఖరి రోజు సాయంత్రం ఆంటీయే తలుపు కొట్టింది. ఒక చంకలో ఐమాన్, ఇంకో చేతిలో తోమి తుడిచిన ఆకుపచ్చ గిన్నె.

"కాఫీ కొట్టు లిమ్ కంప్యూటర్‌లో నా ఫోటో చూపించాడు. నా వీపు ఇంత వంగిపోయిందని నాకిప్పుడే తెలిసింది."

హస్లిందా బిడ్డ కోసం చాచిన చేతుల్ని ఆంటీ పట్టించుకోలేదు.

"పై మూలన వెదురు గడ కొస కూడా పడింది. దాని మీద మేజోళ్ళు. బాతు ముక్కు వంకరపోయింది చూడు, ఆ కుట్టు ఈ బ్లాకులో ఇంకెవరిది?"

"ఆంటీ, తీసేశాను..."

"లిమ్ దగ్గర ఇంకా ఉందిగా. డ్రమ్ము అటు జరుపు ఆంటీ అంటే జరపనా? పక్కింటి తలుపు కొట్టడానికి లోకమంతా తిరిగి రావాలా పిల్లా?"

"ఇవాళ కిందికి వెళ్ళకండి. ఎవరో వస్తామన్నారు. గొడవవుతుంది."

"ఇవాళ పోయినవాళ్ళు తిరిగి వెళ్ళే రోజు, వాళ్ళ లోకం గేటు మూసేస్తారు. మా ఆయన్ని ఉత్త చేతులతో పంపమంటావా?"

గిన్నె గట్టు మీద పెట్టి, బిడ్డను అందించి, కాగితాల సంచీ తీసుకుని లిఫ్టు వైపు నడిచింది. ఐమాన్ ఆమె వెళ్ళిన వైపే చేతులు చాచి ఏడ్చాడు.

హస్లిందా బిడ్డను జుల్కిఫ్లి చేతుల్లో పెట్టి మెట్లమీదుగా పరిగెత్తింది. అతను వెనకనుంచి అరుస్తున్నాడు: "నువ్వెందుకు? పోలీసులకు ఫోన్ చేస్తున్నా, ఆగు!"

కింద సైకిళ్ళు పెట్టేచోట కొత్త ముఖాలు. కొందరి కాళ్ళ దగ్గర నీళ్ళ బకెట్లు. ఎదురు స్తంభం దగ్గర ఇంకో గుంపు, చేతులు కట్టుకుని. రోజూ అక్కడ చదరంగం ఆడే ముసలాళ్ళ బల్ల ఖాళీగా ఉంది.

ఆంటీ డ్రమ్మును ఈడుస్తోంది, కిటికీలకు దూరంగా. హస్లిందా వెళ్ళి రెండో వైపు పట్టుకుంది. ఆంటీ ఆమె ముఖం చూడలేదు. చెయ్యి తీసెయ్యమనీ అనలేదు.

అగ్గిపుల్ల వెలిగింది.

"ఈమేనా ఆ ముసల్ది?" అన్నారెవరో.

"పక్కన తలకు గుడ్డ కట్టుకున్నదెవర్తి?"

కెమెరా వెలుగు ఒకసారి మెరిసింది, మళ్ళీ మెరిసింది. ఈసారి ఇద్దరి ముఖాలూ పడ్డాయి. బకెట్టు పిడి చప్పుడైంది. హస్లిందా పైకి చూసింది. వాళ్ళ కిటికీ బయట వెదురు గడ మీద, ఉతికి మళ్ళీ ఆరేసిన పసుపు మేజోళ్ళు వేలాడుతున్నాయి. కింద నిలబడ్డవాళ్ళలో ఒకడు కూడా తల ఎత్తి, ఫోటోలోని ఆ మేజోళ్ళనే, ఆ కిటికీనే చూస్తున్నాడు.