చేత్తో దిద్దిన ఫైలు

అప్పుడు నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఓ చిన్న ఆఫీసులో, కంప్యూటర్‌ని నడిపించే కెర్నల్ ప్రోగ్రాం మీద పనిచేసేదాన్ని. చేరిన రోజే మా సీనియర్ డేవిడ్ గారు ఒక నియమం చెప్పారు. "కంప్యూటర్ తనంతట తాను తయారుచేసే ఫైళ్లలో చేత్తో ఏమీ రాయకమ్మా. వాటిని చెరిపేసినా మళ్లీ తయారవుతాయి, నువ్వు రాసింది మాత్రం పోతుంది."

ఆయన జబ్బుచేసి పోయాక ఆయన లాప్‌టాప్ ఆఫీసువాళ్లు నాకిచ్చారు. అలవాటు ప్రకారం అందులో కంప్యూటర్ తయారుచేసిన ఫైళ్లన్నీ చెరిపేసి, కొత్తగా తయారుచేయించాను.

ఆ ఆదివారం పటమటలో వాళ్లింట్లో కుటుంబాన్ని ఓదార్చే ఆదరణ కూడిక జరిగింది. ప్రార్థన అయ్యాక ఆయన భార్య నా చేయి పట్టుకున్నారు.

"హాస్పిటల్ మంచం మీద కూడా పని వదల్లేదమ్మా. 'ఓపిక లేక రాయకూడని ఫైల్లోనే దిద్దేశాను, సునీత చూసి సరైన చోట పెడుతుందిలే' అన్నారు. చూశావా?"

నేను చెరిపేసింది అదే. ఇంకెక్కడా కాపీ లేదు.

"చూశానండీ. చాలా బాగా చేశారు," అన్నాను.

ఆవిడ తృప్తిగా కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పుడు కొత్తవాళ్లకు ఆ నియమం నేనే చెబుతున్నాను. చెరిపేముందు ఒక్కసారి తెరిచి చూడమని ఆయన చెప్పలేదు. ఆ మాట నేను కలిపాను.