చలిలో నిలబడ్డ పేరు

సముద్రం గడ్డకట్టిందంటే మా దీవి నుంచి ఆవలి దీవికి నడిచి వెళ్ళి, చీకటి పడేలోపు తిరిగి రావచ్చు. మాది అమెరికా, అది రష్యా. మా అమ్మమ్మ మాసుకు మాత్రం అది అక్క అత్తవారిల్లు. అక్క పేరు అలునిక్.

పెద్ద యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు, ఒక వేసవిలో మావాళ్ళు ఎప్పటిలాగే తోలు పడవల్లో చుట్టపుచూపుగా వెళ్ళారు. ఈసారి అక్కడి సిపాయిలు వాళ్ళను వారాల తరబడి ఆపి, మళ్ళీ రావద్దని చెప్పి పంపేశారు. వాళ్ళలో అమ్మమ్మ కూడా ఉంది. కడుపుతో ఉన్న అక్క ఒడ్డు దాకా వచ్చి, "మంచు గట్టిపడ్డాక వద్దువుగాని, పోవే" అందట. ఆ చలికాలం మంచు బాగా గట్టిపడింది. దాని మీద ఎవరూ నడవలేదు. తర్వాత ఆ దీవి జనాన్నంతా దూరంగా రష్యా గడ్డ మీదికి తరలించారు.

అమెరికా సైన్యం మా తాతను కావలివాడిగా పెట్టుకుని దుర్భిణి ఇచ్చింది. ఆవలి దీవిలో ఏం కదిలినా చూసి చెప్పాలి. అమ్మమ్మ దాన్ని లాక్కునేది.

"అది సైన్యం సొత్తే, ఇటివ్వు. అక్కడ సిపాయిలు తప్ప పిట్ట కూడా లేదు," అనేవాడు తాత.

"ఉన్నా నీకు కనపడుతుందా? ఇంట్లో నీ బూట్లే నీకు కనపడవు!"

రెండు దేశాల పెద్దలు చేతులు కలిపారని రేడియోలో వస్తే, అక్క కోసం వాల్రస్ మాంసం ఎండబెట్టి దాచేది. మళ్ళీ పళ్ళు నూరుకున్నారంటే తాతకు కొత్త దుర్భిణి వచ్చేది. మాంసం మేమే తినేసేవాళ్ళం.

మాలో మనిషి పోతే, తర్వాత పుట్టే బిడ్డకు ఆ పేరు పెడతాం. పోయినవాళ్ళు తిరిగి వచ్చినట్టే లెక్క. బిడ్డను పాత వరసతోనే పిలుస్తాం. పెట్టకపోతే ఆ పేరు చలిలో ఇల్లు లేక నిలబడుతుంది. మా చెల్లి పుట్టినప్పుడు మంత్రసాని అడిగింది.

"పాపకు అలునిక్ పేరు పెట్టు మాసూ. ఎన్నాళ్ళు బయట నిలబెడతావు?"

"చచ్చిందని నీ చెవిలో ఎవరైనా ఊదారా? బతికున్న మనిషి పేరు లాక్కుంటే అక్కడ దాని ఊపిరి తగ్గిపోతుంది. నోరు మూసుకుని బొడ్డు కొయ్యి."

ఎనభైల చివర్లో పెద్దలు మళ్ళీ చేతులు కలిపారు. ఈసారి రష్యా గడ్డ మీదికి విమానం ఎగిరింది. ముసలిదైన అమ్మమ్మను పట్టుకుని నేనూ వెళ్ళాను. అక్కడ ఒక హాల్లో టీ, నల్ల రొట్టె పెట్టారు. నెరిసిన తలతో ఒకాయన వచ్చాడు. ఆనాడు అలునిక్ కడుపులో ఉన్నవాడు, తిమోఫేయ్. మా భాష తడుముకుంటూ మాట్లాడాడు.

"మీ అమ్మేదిరా?"

"పోయింది పిన్నీ. నా చిన్నప్పుడే. దగ్గి దగ్గి పోయింది."

లెక్క చూసుకుంటే, మా చెల్లి పుట్టకముందే.

"పేరు ఎవరికి పెట్టారు?"

ఆయన తల దించుకున్నాడు. "ఎవరికీ లేదు. మాకందరికీ రష్యా పేర్లే ఇచ్చారు. సమాధి మీద కూడా 'అన్నా' అనే రష్యా పేరే ఉంది."

అమ్మమ్మ ఏడవలేదు. కప్పు బల్ల మీద పెట్టి, "ఇన్నేళ్ళూ బయటే ఉంది. వచ్చి తలుపు కొడితే నేనే తియ్యలేదు" అంది.

మరుసటి చలికాలం నాకు కూతురు పుట్టింది. అమ్మమ్మ వేలు నీళ్ళలో ముంచి పాప పెదవులకు తాకించింది. "అక్కా, లోపలికి రా. కాళ్ళు కొంకర్లు పోయుంటాయి." బతికినన్నాళ్ళూ ఆ పసిదానితో పోట్లాడింది. "చిన్నప్పుడు నా ఎముక బొమ్మ ఎత్తుకెళ్ళావు, తియ్యి బయటికి!" అనేది. తిమోఫేయ్ ఒక వేసవిలో పడవలో వచ్చి, అప్పుడే నడుస్తున్న నా కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని "అమ్మా" అన్నాడు. అది ఆయన మీసం పట్టుకుని లాగింది.

అమ్మమ్మ పోయి చాలా కాలమైంది. పెద్దలు మళ్ళీ పళ్ళు నూరుకుంటున్నారు. పడవల్లేవు, విమానాల్లేవు. పోయిన శరత్కాలంలో నా కూతురు అలునిక్ తుఫానులో పడవ తిరగబడి చనిపోయింది. శవం దొరికింది.

ఈ నెల పక్కింట్లో ఆడపిల్ల పుట్టింది. ఆ పేరు అడగడానికి వాళ్ళు మొహమాటపడ్డారు. నేనే వెళ్ళి వేలు నీళ్ళలో ముంచాను. లోపలికి రమ్మన్నాను.

నీటికి అవతల తిమోఫేయ్ ముసలివాడయ్యాడు. తల్లి మళ్ళీ పోయిందని ఆయనకు తెలియదు. మళ్ళీ వచ్చిందనీ తెలియదు. చెప్పి పంపే దారి లేదు.