సొంత భాషలో పాడినవాడు

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఏమైపోతాయోనని లోకమంతా భయపడుతున్న రోజులవి. పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే పని మీద నన్ను సింగపూర్ పంపారు. ఆంగ్ మో కియో పారిశ్రామిక వాడలో మా ఆఫీసు. నా పక్క సీటు దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఒక తెల్లవాడిది. నలభైకి దగ్గర పడ్డ మనిషి. మేం మార్చిన ప్రోగ్రాములను పరీక్షించడం అతని పని. ఆ దేశపు తెల్లవాడంటే నల్లవాళ్లను వేరే బెంచీల మీద కూర్చోబెట్టినవాడేనని నా లెక్క. మొదటి రెండు నెలలూ ముభావంగానే ఉన్నాను.

ఒక మధ్యాహ్నం, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో అతను నా ఎదురుగా కూర్చుని, బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ ఏదో కూనిరాగం తీశాడు. ఏ భాష అని అడిగాను.

"మాదే. ఆఫ్రికాన్స్, అక్కడి మా తెల్లవాళ్ల ఇళ్లలో మాట్లాడేది. మా నాన్న ప్రార్థన చేసే భాష. పోలీసులు నల్లవాళ్లను తన్నేటప్పుడు తిట్టే భాష కూడా," అన్నాడు.

పాతికేళ్ల వయసులో అతనొక రాక్ బృందంలో గిటారు వాయించాడట. తెల్లవాళ్ల ప్రభుత్వాన్నీ, బలవంతపు సైనిక సేవనూ ఎగతాళి చేస్తూ పాటలు కట్టి, కాలేజీల వెంట తిరిగి పాడారు. చాలా చోట్ల లోపలికి రానివ్వలేదు. గేటు బయట లారీ మీద నిలబడి పాడితే టియర్ గ్యాస్ వదిలారు. రేడియోలో తమ పాట పొరపాటున కూడా రాకుండా, అక్కడివాళ్లు రికార్డు మీద మేకుతో గీశారని చెప్పాడు.

"ఇంగ్లీషులో పాడి ఉంటే మావాళ్లు పట్టించుకునేవాళ్లు కాదు. ఇంటి భాషలో పాడాం. అదే తట్టుకోలేకపోయారు."

వాళ్ల నాన్న చర్చి పెద్ద. ఒక ఆదివారం కొడుకు బట్టలు, గిటారు గేటు బయట పెట్టి తలుపు వేసుకున్నాడు. దేశం మారింది, నల్లవాళ్లకూ ఓటు వచ్చింది, కానీ ఆ తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"మీ దేశంలో ఇలా మనుషుల్ని వేరుపెట్టే పద్ధతులు లేవు కదా," అన్నాడు అతను.

"లేవు," అన్నాను.

మా ఊరి టీ హోటల్లో దళితవాడ నుంచి వచ్చేవాళ్లకు బయట అరుగు మీద వేరే గ్లాసులు ఉండేవి. తాగాక వాళ్లే కడిగి బోర్లించాలి. అది చూస్తూ పెరిగినవాణ్ణి. అయినా లేవనే అన్నాను.

నెల తిరక్కుండానే మా ఫ్లాట్‌లో ఒక గది ఖాళీ అయింది. అందరం తెలుగువాళ్లమే, నలుగురం కలిసి ఉండేవాళ్లం. మా ఆఫీసులోనే పనిచేసే ఒకతను, మా పక్క జిల్లావాడు, గది చూడడానికి వచ్చాడు. ఫ్లాట్ తన పేరు మీద తీసుకున్న మిత్రుడు టీ ఇచ్చి కూర్చోబెట్టాడు.

"ఇంటిపేరేంటండి?"

అతను చెప్పాడు.

"ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపండి?"

అతను టీ కప్పు బల్ల మీద పెట్టాడు. "చివరండి. కాలవ అవతల."

"సరేనండి. ఏ సంగతీ చెప్తాం."

అతను వెళ్లాక మిత్రుడు నా వైపు తిరిగాడు. "వంటిల్లు ఒకటే కదరా. మనకెందుకు లేనిపోని ఇబ్బంది? మీ ఆఫీసే కదా, నువ్వే చెప్పెయ్."

సరేనన్నాను. మర్నాడు ఆఫీసు లిఫ్ట్ దగ్గర అతనితో, వేరేవాళ్లకు ముందే మాటిచ్చామని చెప్పేశాను. "పర్లేదండి," అన్నాడు. తర్వాత హౌగాంగ్ అనే పేటలో ఒక చైనా ముసలమ్మ ఇంట్లో గది దొరికిందని విన్నాను.

వానాకాలంలో పక్క సీటతని నాన్న చనిపోయాడు. వారం సెలవు పెట్టి వెళ్లి, నాలుగో రోజుకే తిరిగొచ్చాడు. ఏం జరిగిందని అడిగాను.

"శవపేటిక నేను మోయకూడదని రాసి పెట్టి పోయాడు. తమ్ముడు ఆ కాగితం చూపించాడు. జనం వెనకాల నడిచాను. నాన్న చర్చి వరండాలోనే ఒక్కొక్కరూ వచ్చి, మేమూ మొదట్నుంచీ నల్లవాళ్లను వేరుపెట్టిన ఆ చట్టాలకు వ్యతిరేకమేనయ్యా అన్నారు. ఇప్పుడు మా ఊళ్ళో ఎవర్నడిగినా అదే మాట," అన్నాడు.

నేను ఆ రోజు లేవన్న మాట గుర్తొచ్చింది. అప్పుడు చెప్పేశాను, అరుగు మీది గ్లాసులు, కాలవ అవతలి ఇల్లు, లిఫ్ట్ దగ్గర నేనాడిన అబద్ధం, అన్నీ. ఓదారుస్తాడనే ఆశ ఉండి ఉంటుంది నాకు.

ఓదార్చలేదు. "నాకెందుకు చెప్తున్నావు?" అన్నాడు. "అతను రెండు వరసల అవతలే కూర్చుంటాడు."

మూడు రోజులు వాయిదా వేశాను. నాలుగో రోజు మధ్యాహ్నం, ఆఫీసులో టీ పెట్టుకునే పాంట్రీలో హౌగాంగ్ అతను ఒక్కడే టిఫిన్ డబ్బా కడుక్కుంటుంటే వెళ్లాను. ఆ రోజు చెప్పింది అబద్ధమని, తప్పు చేశానని అన్నాను.

అతను కుళాయి కట్టేశాడు. "తెలుసండి. వచ్చిన రోజే తెలిసింది. ఆయన అడుగుతున్నంతసేపూ మీరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అడిగినాయన కంటే నాకు మీరే ఎక్కువ గుర్తున్నారు."

అతను డబ్బా తుడుచుకుని, నా పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోయాడు.

కొత్త సంవత్సరం ఏ ఉపద్రవమూ లేకుండా వచ్చింది. పనులు తగ్గి, పక్క సీటతని కాంట్రాక్టు పొడిగించలేదు. ఎక్కడికి వెళ్లాడో నాకు తెలియదు. హౌగాంగ్ అతను ఇంకో ఏడాది మా ఆఫీసులోనే ఉన్నాడు. ఎదురుపడితే మర్యాదగా తల ఊపేవాడు. ఆ ఫ్లాట్ ఖాళీ చేసి వెళ్లిపోదామని నేను చాలాసార్లు అనుకున్నాను. లీజు అయ్యేదాకా అక్కడే ఉన్నాను.