నేతి వత్తి

నాలుగేళ్ల క్రితం అమెరికాలో, ఇర్వింగ్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో జరిగిందిది. సిగరెట్లు మానడానికి వేప్, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్, మొదలుపెట్టాను. అందులోని కాయిల్‌ను నేనే తీగతో చుట్టి, ద్రవం పీల్చుకోవడానికి మధ్యలో దూది దూర్చేవాణ్ని. ఒక శనివారం ఉదయం దూది అయిపోతే, నా భార్య పద్మ పూజకు ఉంచుకున్న వత్తి తీసి పెట్టాను. అది నేతిలో ముంచిన వత్తి. జిడ్డుగా ఉన్నా పట్టించుకోలేదు. బటన్ నొక్కగానే భగ్గుమంది. పక్కనున్న టిష్యూలు అంటుకున్నాయి. నీళ్లు పోసి ఆర్పేలోగా ఫైర్ అలారం మోగి, బిల్డింగంతా కిందికి దిగింది.

“ఏమైందన్నా?” అన్నాడు పక్కింటాయన.

“మా ఆవిడ దీపం పెట్టింది,” అనేశాను. అపార్ట్‌మెంట్లు అద్దెకిచ్చే లీజింగ్ ఆఫీస్‌లోనూ, పద్మతోనూ అదే చెప్పాను. ఇంట్లో దీపం వెలిగించొద్దని పద్మ పేరున నోటీసిచ్చారు. అప్పటినుంచి ఆమె బ్యాటరీ దీపంతోనే సరిపెట్టుకుంది.

మొన్న బ్యాటరీలు మారుస్తూ, “ఆ రోజు దీపం కొండెక్కాకే ఇవతలికొచ్చినట్టు గుర్తండీ. ఏమో, మతిమరుపు,” అంది.

ఇక దాచలేక చెప్పేశాను.

“దేవుడి వత్తి కూడా ఊదేశారన్నమాట! వెళ్లి అందరికీ చెప్పిరండి,” అంది.

లీజింగ్ ఆఫీస్‌లో చెప్పాను. పక్కింటాయనకు చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను. పద్మకు మతిమరుపు లేదు.