వాచీ తీసేంత సేపు

జగ్గయ్యపేటలో మా లారీ ఆఫీసు ఓనరు ఎవరినైనా కొట్టే ముందు చేతి వాచీ తీసి బల్ల మీద పెట్టేవాడు. కోపమొచ్చాక ఆయన ఆగేది ఆ వాచీ తీసేంత సేపే. మంచివాడని నేను చెప్పను.

సున్నపురాయి లోడు కదలాలంటే రోజూ గనుల శాఖ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి పర్మిట్ తీయాలి. విసుగొచ్చి ఆ పనికి నేనో ప్రోగ్రాం రాశా. బ్రౌజర్ ఆ ప్రోగ్రాంలోనే తెరుచుకుంటుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అదే నింపి, లాగిన్ బటన్ కూడా అదే నొక్కుతుంది.

మొదటి రోజే, పేజీ పూర్తిగా రాకముందే నొక్కేసింది. సగం పాస్‌వర్డ్‌తో మళ్ళీ మళ్ళీ నొక్కేసరికి అకౌంట్ లాక్ అయింది. లోడెత్తిన లారీలన్నీ రోడ్డు మీదే ఆగిపోయాయి.

నందిగామ డ్రైవరొకడు లోపలికొచ్చి, నా కాలర్ పట్టుకుని తల గోడకేసి బాదాడు.

"పొద్దుట్నుంచీ ఎండలో చస్తున్నాం. ఏం పీకుతున్నావురా ఇక్కడ?"

ఓనరు వాచీ తీశాడు. నాకు మూడిందనుకున్నా. దెబ్బ పడింది డ్రైవర్ మూతి మీద. పన్ను ఊడి నా కీబోర్డ్ మీద పడింది. వాడు నోరు పట్టుకుని కూలబడ్డా ఈయన ఆపలేదు. నలుగురు కలిసి వెనక్కి లాగాల్సొచ్చింది.

మెటికల మీది నెత్తురు చొక్కాకి తుడుచుకుంటూ నన్నడిగాడు.

"ఏం రోగమొచ్చిందిరా నీ ప్రోగ్రాంకి?"

"పేజీ వచ్చేదాకా ఆగలేదండి."

"ఆగమని చెప్పలేదా నువ్వు?"

"లేదండి."

ఓనరు నేల మీదున్న డ్రైవర్ వైపు చూశాడు. బల్ల మీది వాచీ తీసి చేతికి పెట్టుకున్నాడు.

"నాకూ ఎవడూ చెప్పలేదురా," అన్నాడు.