తెరచాపకి రెండు వైపులు

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా పడవ తెరచాప మీద అంకెలు తప్పుగా పడుతున్నాయని నాకు ముందే తెలుసు. బ్రష్షు గుడ్డకి తగలక ముందే తెలుసు. తెలిసీ వరండా గుమ్మంలో నిలబడి చూశాను.

అప్పుడు నేను బీఏ రెండో సంవత్సరం. ఎనభైల చివరి రోజులు. అంతకు ముందు ఏడు, ఆడపిల్లలకి పడవ నడపడం నేర్పుతామని కాలేజీలో నోటీసు పెడితే, పేర్లు ఇచ్చినవాళ్లం ఇద్దరమే: నాకంటే ఒక క్లాసు పెద్దదైన బెంగాలీ దీదీ, నేను. నేను వెళ్లింది ధైర్యం ఉండి కాదు. పడవలో ఎక్కువ మాట్లాడక్కర్లేదనుకున్నాను. కలకత్తాకి పడమరగా మేముండే రైల్వే ఊరి పక్కన, కంసాయి నది మీద ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లలో, ఇద్దరికి సరిపోయే చిన్న పందెం పడవ. దీదీ చుక్కాని పట్టేది, నేను ముందు కూర్చుని తాడు లాగేదాన్ని. ఏడాది తిరిగేసరికి మాకొక ఆశ పుట్టింది. ఆ చలికాలం మా ఆనకట్ట దగ్గరే పందేలు. మొదట వచ్చిన మూడు పడవల్ని కలకత్తా పోటీలకి పంపుతారు. వేసవికి దీదీ చదువు అయిపోతుంది కాబట్టి, వెళితే ఆ ఏడే వెళ్లాలి.

పందేనికి తెరచాప మీద నంబరు ఉండాలి. అది మనంతట మనం వేసుకునేది కాదు, బొంబాయిలో ఉన్న పడవల సంఘం ఇవ్వాలి. పుస్తకాలు చదువుతావు కదా అని ఉత్తరాల పని దీదీ నాకు అప్పగించింది. మొదటి ఉత్తరానికి జవాబు లేదు. రెండో దానికి ఒక ఫారం వచ్చింది. అందులో పడవ కట్టినవాడి సంతకం అడిగారు. ఆ పాత పడవని ఎవరు కట్టారో కాలేజీలో ఎవరికీ తెలియదు. మూడో ఉత్తరం బతిమాలుతూ రాశాను. రోజూ పోస్ట్‌మాన్ సైకిలు గంట వినిపించగానే చదువుతున్న వాక్యం మధ్యలో వదిలేసి లేచేదాన్ని. ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి ఏ పేరాలో ఉన్నానో తెలిసేది కాదు. పందేలు పది రోజుల్లోకి వచ్చాక కవరు అందింది. మా నంబరు 2417. దానితోపాటు అంకెలు ఎలా వేయాలో చెప్పే సైక్లోస్టైల్ కాగితం.

అంటించే గుడ్డతో అంకెలు కత్తిరించుకోవాలట. గోల్‌బజార్ అంతా తిరిగాను. ఒక కొట్లో ఫుట్‌బాల్ చొక్కాలకి కుట్టే నంబర్లు చూపించారు. ఇంకో కొట్లో రెక్సిన్ ముక్క ఇచ్చారు. మూడో కొట్లో నేను నోరు తెరిచేలోగా వెనకనున్న ఆవిడ నన్ను దాటుకుని ముందుకెళ్లింది, ఆ తర్వాత మరొకావిడ. ఏమీ అడక్కుండానే బయటికి వచ్చేశాను. ఇంటికొచ్చి డైరీలో ఆ కొట్టువాణ్ణి రెండు పేజీలు తిట్టాను.

నంబర్లు రాయించడానికి బజారెందుకు, మా రైల్వే వర్క్‌షాపులో మనిషి లేడా అన్నాడు నాన్న. ఆ మనిషి అక్కడి పెయింట్ సెక్షన్‌లో నాన్న స్నేహితుడు, విజయనగరం వైపువాడు. నేను పెదమావ అనేదాన్ని. ఆయన పనంతా వ్యాగన్ల మీద నంబర్లు రాయడమే.

ఆదివారం పొద్దున్నే పూరీ గేట్ దగ్గర మా క్వార్టర్ వరండాలో రెండు బల్లలు కలిపి తెరచాప పరిచారు. పెదమావ దారం లాగి కొలిచి, ప్రతి అంకె మూలలోనూ సూదితో చిన్న చిల్లు పెట్టాడు. రెండోవైపు అంకె సరిగ్గా ఆ చిల్లుల మీదే రావాలని. వ్యాగన్‌కి రెండు పక్కలా నంబరు ఒకే ఎత్తులో, ఒకేచోట ఉండాలి. వేలెడు తేడా వస్తే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు.

"ఇటేపు అంకి మీద అటేపు అంకి కూకోవాల. నేకపోతే అదేటి పని?" అన్నాడు నాన్నతో.

నా చేతిలో బొంబాయి కాగితం ఉంది. కుడివైపు అంకెలు పైన ఉండాలి, ఎడమవైపువి వాటికి దిగువన ఉండాలి, ఒకదాని వెనక ఒకటి రాకూడదు అని అందులో స్పష్టంగా రాసి ఉంది. వ్యాగన్‌ది ఇనుప రేకు. తెరచాపది పల్చటి టెరిలీన్, ఎండ పడితే వెనకున్నది ముందుకి కనిపిస్తుంది. మూడుసార్లు గుమ్మం దాకా వచ్చాను. మొదటిసారి ఆయన ఊపిరి బిగబట్టి గీత లాగుతున్నాడు. రెండోసారికి పక్క క్వార్టర్లవాళ్లు చుట్టూ చేరి ఆయన చేతివాటం పొగుడుతున్నారు, అమ్మ టీ గ్లాసుల పళ్లెం నా చేతుల్లో పెట్టింది. ఒకవైపు ఆరాక, సాయంత్రం మూడోసారి వచ్చేసరికి రెండోవైపు చివరి అంకె ఏడు కూడా పూర్తయింది. నీడలో ఆ నల్లటి అంకెలు అచ్చు గుద్దినట్టున్నాయి. ఏమీ కాదులే అనుకుని కాగితం మడిచి పుస్తకంలో పెట్టేశాను.

పందెంలో మేం రెండో పడవగా గీత దాటాం. దీదీ సంతోషం పట్టలేక లేవబోయి పడవని ఇంచుమించు బోర్లా వేసింది. ఒడ్డుకి వచ్చి చూస్తే బోర్డు మీద మా నంబరు లేదు. ఎదురెండలో మీ తెరచాప మీద నల్లటి చిక్కు తప్ప ఒక్క అంకె కనిపించలేదని, చదవలేని పడవని రాసుకోలేనని చెప్పాడు గీత దగ్గర కూర్చుని పడవల నంబర్లు రాసుకునే అధికారి. దీదీ వాదించింది. నియమాల కాగితం మీకు రాలేదా అని ఆయన అడిగాడు. దీదీ నావైపు చూసింది. రాలేదని తల అడ్డంగా ఊపాను. దాంతో ఆమె ఇంకా గట్టిగా, మాకు పంపకపోతే మా తప్పెలా అవుతుందని గొంతు పోయేదాకా పోట్లాడింది. ఆ మాటలన్నీ నా తరఫున. నేను పక్కన నిలబడి తడి తాడు చుట్టలు చుడుతూ ఉన్నాను.

కలకత్తాకి వేరే మూడు పడవలు వెళ్లాయి. ఆ వారమంతా బొంబాయివాళ్ల మీద, ఎండ మీద, పెదమావ మీద, ఆయన్ని పొగిడిన ఇరుగుపొరుగు మీద కోపంగా రాసుకున్నాను. నా వంతు వచ్చేసరికి పేజీ ఖాళీగా వదిలేశాను.

నాన్న చెప్పినట్టున్నాడు, తర్వాతి ఆదివారం పెదమావ వచ్చాడు. ఆ నెలాఖరుకి రిటైరై ఊరు వెళ్లిపోయాడు, ఆ రోజు తర్వాత నేనాయన్ని చూడలేదు. తెరచాప తెమ్మని, నాన్ననీ నన్నూ చెరో కొస ఎండకి పట్టుకోమన్నాడు. చాలాసేపు చూశాడు. ముగ్గు మీద ముగ్గేసినట్టుందే అని నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సంచిలోంచి టర్పెంటైన్ సీసా తీసి, తెరచాపని బల్ల మీద పరిచి, ఒకవైపు అంకెల్ని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. అవి పూర్తిగా పోలేదు, బూడిదరంగు మరకలు మిగిలాయి. మళ్లీ మళ్లీ తుడిచాడు. నేను బల్ల అంచు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. మాకింక పందేలు లేవని కూడా చెప్పలేకపోయాను. ఆయన చేతులు తుడుచుకుని, జేబులోంచి సుద్దముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు.

"ఈపాలి ఎక్కడ రాయాలో నువ్వే గీసియ్యి, గుంటా. నాను గీత దాటను."