పలక పొడి, వేపపుల్ల, నా చిగుళ్లు

మా పాలెం మొత్తంలో నా పళ్లంత తెల్లని పళ్లు ఇంకెవరికీ లేవు. గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను, అయితే ఏంటి? మా నాయన మార్కాపురంలో పలకల కార్ఖానాలో పని చేసేవాడు. వారానికోసారి ఇంటికి వస్తూ తువ్వాలు కొంగున పలక పొడి మూటగట్టి తెచ్చేవాడు. తెల్లవారగానే దాన్ని వేలికి అద్దుకుని, పళ్లు కిర్రుకిర్రుమనేదాకా రుద్దేదాన్ని. ఉమ్మితే ఎర్రగా పడేది. “పోనీలే, చెడ్డ నెత్తురు పోతుండాది” అనేది మా అమ్మ. ఎంత నెత్తురు పోతే అంత శుభ్రం అనుకుని ఇంకా గట్టిగా రుద్దేదాన్ని.

అప్పటికింకా తెల్లదొరల రాజ్యమే. మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్పడానికి ఆడపిల్లలను తీసుకుంటున్నారని ఆదివారం ఏసు గుడిలో చెప్పారు. నేను ఎనిమిదో తరగతి పాసై ఉన్నాను. ఆ పని దొరికితే సరి. లేకపోతే అమ్మ వెంట రైతుల చేలల్లో కలుపు తీయడమే. ఎండలో నడుం వంచి ఆమె పడే పాట్లు చూసి చూసి, నాకొద్దమ్మా ఆ బతుకు అని ఎప్పుడో అనుకున్నాను.

ఆసుపత్రికి వెళితే నన్ను పరీక్ష చేసిన డాక్టరు దొరసాని మన భాషను బైబిలు చదివి నేర్చుకున్న మనిషి. “నోరు తెరువుము” అంది. తెరిచాను. నా పళ్లు చూసి మురిసిపోతుందిలే అనుకున్నాను. ఆమె చిన్న దూది ఉండతో చిగురు మీద నొక్కి తీసింది. దూది ఎర్రగా అయింది.

“నీ పండ్లు తెల్లనివి. నీ చిగుళ్లు పుండ్లు. నీ నోటిని నీవు కాపాడుకొనలేవు, రోగి నోటిని ఎట్లు కడిగెదవు?”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆరు వారాల తర్వాత మళ్లీ రమ్మంది. అప్పుడూ నెత్తురు వస్తే ఇక రావద్దంది. చేతిలో ఒక బ్రష్షు పెట్టి పంపింది. ఎముక పిడి, దానికి బిరుసు వెంట్రుకలు. మా పాలెంలో అదే మొదటి బ్రష్షు. “ఏం జంతువు బొచ్చో ఏమో” అని అమ్మ మూతి తిప్పింది.

నా పళ్లకే వంక పెడుతుందా అని నాకు ఒళ్లు మండింది. పంతం పట్టాను. బ్రష్షుకు పలక పొడి అద్ది, పూటకు రెండుసార్లు అడ్డంగా రుద్దడం మొదలుపెట్టాను. పది రోజులకు బ్రష్షు వెంట్రుకలు నాలుగు పక్కలకీ ఒరిగిపోయాయి. నోట్లో సంగటి ముద్ద పెట్టుకున్నా చిగుళ్లు భగ్గుమనేవి. నా చేతులారా నేనే చెడగొట్టుకున్నానని ఏడుపొచ్చింది.

ఒక పొద్దున బావి దగ్గర అట్లాగే రుద్దుతుంటే, మేకలు తోలుకుంటూ పోతున్న పెద్దమ్మ ఆగింది. మాకు చుట్టం కాదు, వరసకు పెద్దమ్మ. అరవై దాటినా ఒక్క పన్ను ఊడలేదు, వేయించిన శనగలు పటపటా నమిలేసేది.

“ఏందే పాపా, పళ్లు తోముతుండావా, అంట్లు తోముతుండావా?”

“శుభ్రం కావద్దా పెద్దమ్మా?”

“శుభ్రమంట, శుభ్రం! పాలు పిండే ముందు మేక పొదుగు ఎట్ల కడుగుతాము? గట్టిగ రుద్దితే తంతాది. చిగురు గూడ అంతేనే పిచ్చిదానా. పార్నూకు ఆ రాతిపొడిని!”

చిటికెన వేలంత లేత వేపపుల్ల విరిచి ఇచ్చింది. కొన దూదిలా మెత్తబడేదాకా నమలమంది. “పైపళ్లకు పైనుంచి కిందికి, కిందిపళ్లకు కిందనుంచి పైకి. మెల్లగ. ఒక్కొక్క పన్నునూ పలకరించి పో” అంది. వాడిన కొన మర్నాటికి పనికిరాదు, రోజూ కొత్త పుల్ల. ఏం తిన్నా వెంటనే నోరు పుక్కిలించాలి. ఇంతే ఆమె వైద్యం. ఇప్పుడు దుకాణంలో ఏరికోరి గట్టి బ్రష్షు కొనేవాళ్లను చూస్తే, ఆ పెద్దమ్మ చేత నాలుగు తిట్లు తిట్టించాలనిపిస్తుంది నాకు.

మొదటి వారం నమ్మకం కుదరలేదు. నెత్తురు వస్తూనే ఉంది. రెండో వారం తగ్గింది. నాలుగో వారానికి ఉమ్మి తెల్లగా పడింది. బావి గట్టు మీద నేను వేసిన గంతుకు మేకలు బెదిరిపోయాయి.

గడువు నాటికి నాయనతో కలిసి ఆసుపత్రికి వెళ్లాను. దొరసాని ముందుగా బ్రష్షు చూపమంది. చెల్లాచెదురైన ఆ వెంట్రుకలు చూసి ఆమె ముఖం గంటు పెట్టుకుంది. అయినా అబద్ధం ఆడలేదు. దీన్ని నేనే పాడుచేశాను, నన్ను బాగుచేసింది వేపపుల్ల అని చెప్పేశాను. ఆమె దూదితో నొక్కింది. ఒకసారి, రెండుసార్లు, వెనక దంతాల దాకా. దూది మల్లెపువ్వులా ఉంది.

“ఎట్లు చేసితివో చూపుము” అంది. కొత్త బ్రష్షు తెప్పించి, నీళ్లలో నానబెట్టి మెత్తబరిచి నా చేతికిచ్చింది. పెద్దమ్మ చెప్పినట్టే పట్టి చూపించాను. ఆమె పక్క గదిలో నేర్చుకుంటున్న ఆడపిల్లలను పిలిచి, “ఈమె చేయునట్లు చేయుడి” అంది. నన్ను తీసుకున్నట్టు నాకు అప్పుడు అర్థమైంది. వరండాలోకి ఒక్క పరుగు తీశాను.

“నాయనా, నన్ను తీసుకున్నారు!”

మా నాయన గట్టిగా మాట్లాడే మనిషి కాడు. అటువంటివాడు లేచి నిలబడి, వరసలో కూర్చున్న రోగులందరికీ వినబడేట్టు “మా పాప నర్సమ్మ అయినాది!” అని కేకేశాడు. ఆ వరసలో దవడకు గుడ్డ కట్టుకుని మా ఊరి పెద్దరైతు కూర్చుని ఉన్నాడు. అమ్మ కలుపు తీసేది ఆయన చేలోనే. ఆ రోజు దాకా మా పాలెం ఆడవాళ్లను ఆయన “ఒసే” అనే తప్ప ఇంకోరకంగా పిలిచింది లేదు.

ఆయన వాచిన దవడ పట్టుకుని, మెల్లగా నా వైపు తిరిగాడు.

“నర్సమ్మా, నా పంటి సంగతి గూడ కొంచెం చూడమ్మా.”

“నోరు తెరువయ్యా” అన్నాను. తెరిచాడు.